టీసీ తీసుకోని మనిషి

కువైట్‌లో సర్కారు బడులు లేకపోలేదు. చల్లటి గదులు, పెద్ద ఆటస్థలాలు, ఎత్తు గోడలు. అవి మన పిల్లలకి కావు. అందుకు ఆ దేశాన్ని తిట్టను. నా కోపమంతా మనవాళ్ల మీదే. మన పిల్లల కోసమని చెప్పి, మనవాళ్లే పెట్టి, గేటు మీద మన జెండా కట్టి, లోపల మాత్రం సంతలో వంకాయలు ఏరినట్టు పిల్లల్ని ఏరే బడుల మీద.

నేను చాలా రేవులు తిరిగాను. రంగూన్‌లో, డర్బన్‌లో, మారిషస్‌లో, పొట్ట చేతపట్టుకుని పోయిన తెలుగువాళ్లు ముందు మొక్కుకునే చోటు ఒకటి కట్టుకున్నారు, తర్వాత దాని పక్కనే ఓ బడి. ఆ బడుల్లో చదివిన ముసలివాళ్లతో కూర్చుని మాట్లాడాను. బెంచీలు చాలకపోతే నేల మీద కూర్చోబెట్టారని చెప్పారు, పలకలు చాలకపోతే ఇద్దరికొకటి ఇచ్చారని చెప్పారు. గేటు దగ్గర నిలబెట్టి “నీకు లెక్కలు వచ్చా?” అని అడిగారని ఒక్కరూ చెప్పలేదు. ఆ విద్య నేర్చినవాళ్లని మొదటిసారి కువైట్‌లోనే, జాబ్రియాలో చూశాను. వాళ్ల చేతిలో పడ్డ జాన్‌బాబు కథ ఇది. కొంత నేను చూసింది, కొంత అతను మహబూలాలో మేడ మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది.

జాన్‌బాబుది రాజోలు అవతల ఒక లంక. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. కొడుకుని చెట్టెక్కనివ్వకుండా లారీ ఎక్కించాడు. క్లీనర్‌గా మొదలుపెట్టి స్టీరింగు పట్టాడు జాన్‌బాబు. యుద్ధం అయిపోయి, నూనె బావుల పొగతో ఆకాశం ఇంకా నల్లగా ఉన్న రోజుల్లోనే సల్వాలో ఒక పెద్దింటికి డ్రైవరుగా వచ్చాడు. పొద్దున్నే ఆ ఇంటి పిల్లల్ని ఇంగ్లీషు బడికి తీసుకెళ్లాలి. వాళ్ల సంచులు రెండు భుజాలకీ తగిలించుకుని గేటు దాకా నడిచేవాడు. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టేవాడు. సంచులు లోపలికి వెళ్లేవి, జాన్‌బాబు వెనక్కి వచ్చేవాడు.

ఆ ఇంట్లోనే అతనికి ఒక పాఠం అయింది. పక్క గదిలో ఉండే సుబ్బు అనే ఇంకో డ్రైవరు, మనవాడే, కాకినాడ వైపు కుర్రాడు, ఇంటి యజమానురాలు మామా దగ్గర నోరు జారాడు. సెలవు రోజున కూడా బజారుకి తిప్పితే ఎలాగని అడిగాడు, అంతే. మామా భర్త, అంటే సుబ్బు వీసాకి పూచీ ఉన్న కఫీల్, వెళ్లి పోలీసులకి మా డ్రైవరు పారిపోయాడని కేసు పెట్టాడు. సుబ్బు అప్పుడు ఆ ఇంట్లోనే కారు తుడుస్తున్నాడు! తుడుస్తున్నవాణ్ణి తుడుస్తున్నట్టే పట్టుకెళ్లి విమానం ఎక్కించారు. కువైట్ ముఖం మళ్లీ చూడకుండా వేలిముద్రలు తీసుకున్నారు.

గల్ఫ్‌లో బతికిన మన మనుషుల ఒంట్లోకి ఇంకిపోయిన సూత్రం అది. బల్లకి అవతల కూర్చున్నవాడు పొమ్మన్నాడా, నవ్వుతూ పొమ్మన్నప్పుడే పో. తనాజుల్ ఇస్తానన్నాడా, అంటే నిన్ను వేరే చోటికి వదులుతున్నట్టు కాగితం ఇస్తానన్నాడా, కళ్లకద్దుకుని సంతకం పెట్టు. ఎదురు తిరిగితే నువ్వు పారిపోయినవాడివి. జాన్‌బాబు అలాగే నవ్వుతూ సంతకం పెట్టి సల్వా నుంచి బయటపడ్డాడు. మంగాఫ్‌లో ఒక ఇండియన్ బడికి బస్సులు నడిపే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ఈలోగా ఊరికెళ్లి దీనమ్మని చేసుకున్నాడు. ఆవిడ సర్కారు ఆస్పత్రిలో నర్సు. మహబూలాలో ఫ్లాటు, ఒక కూతురు జెన్నిఫర్.

పిల్లని సహజంగానే తను బస్సు నడిపే బడిలోనే వేశాడు. ఆ బడి గొప్పదని నేను అబద్ధం చెప్పను. పాత విల్లాకి రేకుల షెడ్లు తగిలించి నడిపేవారు. పొద్దున ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు. క్లాసుకి యాభై మంది. దొడ్ల దగ్గర ముక్కు మూసుకోవాలి. లైబ్రరీ అంటే ఒక బీరువా, దానికి తాళం. అయితే హెడ్‌మిస్ట్రెస్ అరుణజ్యోతి గారు, అమలాపురం ఆవిడ, లెక్కల టీచరు, వచ్చిన పిల్లని వెనక్కి పంపడం ఎరగదు. సీట్లు లేవని గుమస్తా గొణిగితే “సీటంటే ఏమిటయ్యా, కుర్చీయేగా. తెప్పించు” అనేది.

2003లో జాబ్రియాలో కొత్త బడి వచ్చింది. దాన్ని పెట్టిన ట్రస్టులో ఒక సభ్యుడు కుక్కుటేశ్వరరావు. పిఠాపురం మనిషి, పెద్ద కంపెనీలో చీఫ్ అకౌంటెంటు. తెలుగువాళ్ల పిక్నిక్‌లో పులిహోర వడ్డన దగ్గర జాన్‌బాబుని పట్టుకున్నాడు.

“ఏం జాన్‌బాబూ, పిల్లనింకా ఆ పశువుల సావిట్లోనే చదివిస్తున్నావా?”

“ఆయ్. మా బడేనండీ.”

“మీ బడి! బస్సు నడిపితే నీదైపోయిందా?” పక్కనున్నవాళ్లు నవ్వారు. జాన్‌బాబు కూడా నవ్వాడు. “చూడు, మాది వ్యాపారం కాదు. ట్రస్టు. ఫీజు మీ బడి ఫీజే. సిఫార్సుల్లేవు, డొనేషన్లు లేవు. అందరి పేర్లూ గిన్నెలో వేసి చీటీలు తీస్తాం. ఇంజనీరు కూతురైనా, డ్రైవరు కూతురైనా ఒకటే గిన్నె.”

ఒకటే గిన్నె అన్న మాట జాన్‌బాబుని నిద్రపోనివ్వలేదు. ఇంట్లో మొదలైంది.

“ఐదు నిమిషాల్లో బడి ఉంటే గంట దూరం ఎందుకండీ?” అంది దీనమ్మ. “పిల్ల బస్సులో నిద్రపోతే దాని చదువు ఎవరు చదువుతారు, బస్సా?”

“ఆ సల్వా పిల్లల సంచులు మోసినోణ్ణి నేను. గేటు దాకానే. లోపలేవుందో నా కూతురు సూసొచ్చి నాకు చెప్పాల.”

“రోజూ అరుణజ్యోతి మేడం మొహం చూడాలి మీరు. ఏం చెప్తారావిడకి?”

“ఆవిడ కూతుళ్లకైనా చీటీ వేత్తారు.”

“ఆవిడకి కూతుళ్లు లేరు.”

“ఉంటే వేసుండేవోరు.”

దీనమ్మ నవ్వేసింది. నవ్వితే ఓడిపోయినట్టే కదా. చీటీ వేశారు.

చీటీలంటే నాకు చులకన లేదు. పూర్వం గ్రీకుల ఏథెన్సులో అధికారుల్ని చీటీలతోనే ఎంచుకునేవారు. అంత దూరం ఎందుకు, తమిళదేశంలో ఉత్తరమేరూరు గుడి గోడల మీద చెక్కి ఉంది, ఊరి పెద్దల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి తీయాలని. అయితే వాళ్లు ఎంత తెలివైనవాళ్లంటే, చీటీ వచ్చినవాణ్ణి తర్వాత ఏ తప్పు చేస్తే తీసేస్తారో కూడా అదే గోడ మీద చెక్కించారు. అందరికీ కనిపించేలా. మన కుక్కుటేశ్వరరావులు గిన్నె ఒక్కటే చూపించారు.

జెన్నిఫర్ చీటీ వచ్చింది. హాలంతా చూస్తుండగా జాన్‌బాబు ఏడ్చేశాడు. మర్నాడు బస్సు తాళాలు తీసుకోవడానికి వెళ్లి అరుణజ్యోతి గారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

“వెళ్లనీ,” అందావిడ. “వాళ్లకి లాబుంది, పుస్తకాలున్నాయి. నా దగ్గర లేవు. లేనివాటి కోసం పిల్లని కట్టేసుకుంటానా? తల ఎత్తు ముందు.”

నాలుగేళ్లు బాగానే నడిచింది. దాచిపెట్టడం ఎందుకు, నిజంగా మంచి బడి. జెన్నిఫర్ లాబులో మైక్రోస్కోపు చూసొచ్చి ఉల్లిపొర ఎలా ఉంటుందో తండ్రికి బొమ్మ వేసి చూపించింది. ఇంగ్లీషులో వ్యాసాలు రాసింది, పాటల బృందంలో పాడింది. ఒక్క లెక్కలే కొరుకుడు పడలేదు. పాసవుతుంది, అత్తెసరు మార్కులతో పాసవుతుంది.

తొమ్మిదో తరగతి ఫలితాలు వచ్చిన వారం కుక్కుటేశ్వరరావు ఫోను చేశాడు. “చిన్న పనుంది జాన్‌బాబూ. బడికొచ్చి ఒక సంతకం పెట్టి వెళ్లు. దీనమ్మ డ్యూటీ చెడగొట్టడం ఎందుకులే, నువ్వు చాలు.”

బడి ఆఫీసు గదిలో ఏసీ చల్లగా ఉంది. కోఆర్డినేటర్ ఒకావిడ, ఉత్తరాది మనిషి, నవ్వుతూ నీళ్ల సీసా ముందుకి జరిపింది. కుక్కుటేశ్వరరావు పక్కనే కూర్చుని ఆవిడ మాటల్ని తెలుగులో చెప్పాడు. జెన్నిఫర్ బంగారంలాంటి పిల్లట. కానీ పదో తరగతి అంటే బోర్డు పరీక్షట. ఇక్కడ ఒత్తిడి ఎక్కువట. తనకి తగిన బడి ఇంకోటి చూసుకుంటే పిల్ల సుఖపడుతుందట.

“ఫెయిలయిందాండీ?” అన్నాడు జాన్‌బాబు.

“అబ్బే, పాసే.”

“మరింకేవిటండీ?”

“పాసైన పిల్లకి టీసీ ఇస్తే మంచి టీసీ కదా. మీరే అడిగినట్టు పెడితే పిల్ల మీద ఏ మచ్చా ఉండదు. రేపొద్దున మేమే పంపాల్సొస్తే...” అని కుక్కుటేశ్వరరావు చేతులు చాపాడు.

మిగతా వాక్యం జాన్‌బాబు సొంతంగా పూర్తి చేసుకున్నాడు. రేపొద్దున మేమే పంపాల్సొస్తే అది కేసు. కారు తుడుస్తున్న సుబ్బు కళ్ల ముందు మెదిలాడు. నా కూతురి పేరు మీద పారిపోయిందని రాస్తే ఇంకే బడి తీసుకుంటుంది? తండ్రి ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఏమవుతుంది, తల్లి ఇఖామా ఏమవుతుంది? బడికి కఫీల్ అధికారం ఉండదని అతనికి ఎవరు చెప్పారు గనక? ఈ దేశంలో బల్లకి అవతల కూర్చున్న ప్రతివాడూ అతని ఉనికికి పూచీదారుగానే కనిపించాడు ఇన్నేళ్లూ. వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాడు. లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, “షుక్రన్ అండీ” అని అరబ్బీలో థాంక్స్ చెప్పాడు.

ఆ షుక్రన్ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి గొప్ప పని చేసినట్టు చెప్పాడు. “ఏ గొడవా లేకుండా వదిలారు దీనమ్మా. మంచి టీసీ ఇత్తారంట.”

దీనమ్మ ఇంకా నర్సు బట్టల్లోనే ఉంది. “ఎవరడిగారు టీసీ?”

“ఎవరడిగితే ఏంటి. కేసు పడకుండా...”

“ఏం కేసు? బడి ఏమన్నా మీ కఫీలా? పాసైన పిల్లని పొమ్మంటే పోతారా? నన్నెందుకు పిలవలేదు?”

“డ్యూటీలో ఉన్నావని ఆయనే...”

“ఆయనే! తన కూతురైతే ఆయన రాసిచ్చేవాడా?”

గది గుమ్మంలో నిలబడి జెన్నిఫర్ అంతా వింది. అరవలేదు, ఏడవలేదు. “చీటీ వేసినప్పుడూ నన్నడగలేదు, ఇప్పుడూ అడగలేదు,” అంది. “నా పేరు బోర్డుకి పంపేశారు నాన్నా, పోయిన్నెలే క్లాసులో చెప్పారు. ఇప్పుడు మారితే టెన్త్ రాస్తానో రాయనో కూడా తెలీదు.”

జాన్‌బాబు అప్పుడు కూర్చున్నాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత వారం అతను బస్సు దిగి చొక్కా మార్చుకుని తిరగని ఇండియన్ బడి లేదు. పదో తరగతా, మధ్యలోనా, కుదరదు అన్నారు. చివరికి ఎక్కడికి పోవడానికి మొహం చెల్లలేదో అక్కడికే భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు. పొద్దున షిఫ్టు వదిలారు. అరుణజ్యోతి గారు టిఫిను డబ్బా తెరిచి కూర్చుంది.

“జెన్నిఫర్ కూడానా,” అని డబ్బా మూసేసింది. “ప్రతి మార్చిలోనూ ఇదే తంతు. వాళ్లు పాలు తాగి గ్లాసు నాకు పంపుతారు, కడుక్కోమని. పోయినేడు వచ్చినవాళ్లని తీసుకున్నాను. పేర్లు మార్చమని ఢిల్లీలో బోర్డుకి రాశాను. ఇద్దరి అనుమతి పరీక్ష అయిపోయాక వచ్చింది. ఏడాది పోయింది ఆ పిల్లలకి.”

“మీరే దిక్కండీ,” అన్నాడు జాన్‌బాబు.

“కాదు, నేను కాదు. తీసుకోమంటే ఇవాళే తీసుకుంటాను, కుర్చీ తెప్పిస్తాను. కానీ పరీక్ష మాట నేనివ్వలేను. టీసీ చేతికి తీసుకున్నావా?”

“రేపు రమ్మన్నారండీ.”

“అయితే ఇంకా నీ పిల్ల ఆ బడి పిల్లే! నువ్వు రాసింది అర్జీయే. వెనక్కి తీసుకున్నానని చెప్పొచ్చు. పాసైన పిల్లని నువ్వు అడక్కుండా బయటికి నెట్టే అధికారం వాళ్లకి లేదు. అందుకే నీతో అడిగించారు. తీసుకోకు. అంతే. చేతులు ముందుకి చాపకు.”

మర్నాడు జాన్‌బాబు అక్షరాలా అదే చేశాడు. కోఆర్డినేటర్ కవరు చాపితే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పక్కన దీనమ్మ, ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చింది.

“నాకొద్దండీ టీసీ,” అన్నాడు. “మా పిల్ల పాసైంది. పదో క్లాసు ఇక్కడే.”

“సంతకం పెట్టావు కదయ్యా,” అన్నాడు కుక్కుటేశ్వరరావు.

“పెట్టానండీ. తప్పయిపోయింది. వెనక్కి తీసుకుంటన్నాను. కాదంటే, మా పిల్లని మీరే తోసేత్తన్నారని రాయండి. అలా రాసిత్తే తీసుకుంటాను.”

ఆ ముక్క తర్జుమా చేయకుండానే కోఆర్డినేటర్‌కి అర్థమైంది. నవ్వు మాయమైంది. కుక్కుటేశ్వరరావు కుర్చీ జరుపుకున్నాడు. “జాన్‌బాబూ, నీ బస్సుల కాంట్రాక్టరు మాకూ బస్సులు తిప్పుతున్నాడు, తెలుసా? నీ ఇఖామా ఎవరి మీద ఉంది? నేనొక్క ఫోను చేస్తే ఖలాస్.”

జాన్‌బాబు భయపడ్డాడు. భయపడలేదని చెబితే నేను రాసేదంతా అబద్ధం. పాత భయం మెడ పట్టుకుని వంచబోయింది. అప్పుడు దీనమ్మ అడ్డం వచ్చింది.

“చేసుకోండి బాబూ ఫోను. ఉద్యోగం పోతే మా ఆయన్ని నా ఇఖామా మీదకి మార్చుకుంటాను. ఇకనుంచి ఆయన కఫీల్ని నేను. ఏమన్నా అడగాలంటే నన్నడగండి.”

కుక్కుటేశ్వరరావు ఫోను చేశాడు. చేయడనుకుంటే మీరు ఆ జాతిని ఎరగరన్నమాట. నెల తిరక్కుండా కాంట్రాక్టరు జాన్‌బాబుకి దండం పెట్టి ఖలాస్ అన్నాడు. దీనమ్మ అన్నంత పనీ చేసింది. బస్సు తోలే మనిషి ఇంట్లో వంట, బట్టలు చూసుకుంటూ కూర్చున్నాడు. అది అతనికి నామోషీగానే ఉండేది. ఉప్పు ఎక్కువైందని ఆవిడంటే “కఫీల్ గారు క్షమించాల” అనేవాడు.

జెన్నిఫర్ మాత్రం రోజూ జాబ్రియాకే వెళ్లింది. ఏప్రిల్‌లో టీచర్లు హాజరు పిలిచేటప్పుడు దాని పేరు దాటేసేవారు. పిలవకపోయినా లేచి నిలబడి “ప్రెజెంట్ మేడం” అనేది. ఒకసారి కాదు, పేరు పిలవడం మళ్లీ మొదలుపెట్టేదాకా. “నాకు వీళ్లంటే ఇష్టం లేదు నాన్నా,” అని ఇంటికొచ్చి చెప్పేది, “అయినా అక్కడే రాస్తాను.” అక్కడ సెలవు రోజైన శుక్రవారం, చర్చిలో ఆరాధన అయిపోయాక అరుణజ్యోతి గారింట్లో లెక్కలు చేసేది. ఆవిడ తిట్టిన తిట్లు మామూలువి కావు. “ఏమే, ఆ మైనస్సు ఎక్కడికి పోయింది, నువ్వు గానీ మింగావా?”

పిల్ల పరీక్ష రాసింది. పాసైంది, లెక్కల్లో కూడా.

మరుసటి వారం కొత్త బడి గోడ మీద పెద్ద బ్యానరు వేలాడింది. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. నా పిచ్చి కోపం చూడండి, నేను పనిగట్టుకుని వెళ్లి దాని కింద నిలబడ్డాను. తొమ్మిదో తరగతిలో మూడు సెక్షన్లు ఉండేవి ఆ బడికి. పదిలో రెండే. ఆ మూడో సెక్షను పిల్లలంతా ఏమయ్యారని ఆ గోడ ముందు నుంచి రోజూ పోయే తల్లిదండ్రుల్లో ఒక్కడూ అడగడు. చదువుకున్నవాళ్లు! లెక్కలు రాక కాదు, ఈ లెక్క అడిగితే తమ పిల్ల సీటుకి ఏమవుతుందోనని. బయటికి నెట్టబోయిన జెన్నిఫర్ కూడా ఆ నూటిలో ఒక అంకె. మిగతావాళ్లు మంగాఫ్ రేకుల షెడ్లలో రాస్తే ఆ బడి శాతం తగ్గింది. అప్పుడు ఈ బడి మంచిది, ఆ బడి చెడ్డది. పోలిక అంటే ఇదీ.

తర్వాతి ఏడు చీటీలకి మునుపటికన్నా ఎక్కువమంది వచ్చారు. ఈసారి గిన్నెలో పేరు వేయాలంటే ముందే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. బడి ఎప్పుడు కోరితే అప్పుడు పిల్లని మేమే స్వయంగా మాన్పించుకుంటామని. జాన్‌బాబు ఒక్కడి వల్ల పుట్టిన కాగితం అది. సంగతి తెలిసి అతను బస్సెక్కి జాబ్రియా వెళ్లాడు. వరసలో నిలబడ్డ తెలుగువాళ్ల దగ్గరికల్లా వెళ్లి, పెట్టకండి బాబూ, ముందే పెట్టేత్తే రేపు కాదనడానికి మీకేం మిగల్దు అని చెప్పుకుంటూ పోయాడు. కొందరు మొహం తిప్పుకున్నారు. కాపలావాడు యల్లా, యల్లా, పద పద అంటూ వెంటపడ్డాడు.

వరసలో ఒక కుర్రతండ్రి, గోదావరి జిల్లా యాసే, ఆగి విన్నాడు. “మీ పాప పాసైపోయింది కదన్నా, ఇంకేంటి మీ బాధ?”

“పాసైంది కాబట్టే చెప్తన్నాను తమ్ముడూ. ఫెయిలైతే ఫెయిలైనోడి ఏడుపనుకుని వినేవోడివి కాదు.”

ఆ కుర్రాడు తలూపాడు. జెన్నిఫర్ సంగతి మొదటి నుంచీ అడిగాడు. మధ్యలో అయ్యో అన్నాడు, దొంగనాయాళ్లు అన్నాడు. అంతా విన్నాక వరస ముందుకి కదిలింది. అతను జేబులు తడుముకుని జాన్‌బాబు వైపు చెయ్యి చాపాడు.

“పెన్నుందా అన్నా?”